మధ్యాహ్నానికా... రాత్రికా?

కర్బూజా కొనబోతే పళ్లబ్బాయి ఏమడుగుతాడు? 'ఎన్ని కావాలి సార్‌?' అంటాడు. ఫ్రాన్స్‌కి దక్షిణాన ఉన్న ప్రొవాన్స్‌లో ఏ ఊరి సంతకెళ్లినా ముందు వేరే ప్రశ్న వినిపిస్తుంది. 'ఎప్పుడు తింటారు... మధ్యాహ్నానికా, రాత్రికా?'

పరాచికానికి అడిగేది కాదది. మధ్యాహ్నానికే అంటే రాశిలోంచి ఓ కాయ తీస్తాడు. అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తాడు. తొడిమ చుట్టూ సన్నటి పగులు వచ్చిందో లేదో చూస్తాడు. వాసన చూసి, తలాడించి, కాగితం సంచిలో వేస్తాడు. 'ఇవాళ్టికి కాదండీ, రేపు చుట్టాలొస్తున్నారు' అంటే అది పక్కన పెట్టేసి ఇంకోటి వెతుకుతాడు. మామిడిపళ్ల బుట్ట ముందు కూర్చున్న మన అవ్వ 'ఇయ్యాల్టికా, రెండ్రోజులాగి తింటారా?' అని అడగదూ... అచ్చం అలాగే.

అక్కడ కర్బూజాలకు పేరుపడ్డ ఊరు కవయోన్‌. 'త్రీ మస్కటీర్స్‌' రాసిన అలెగ్జాండర్‌ డ్యూమాకు ఆ కాయలంటే పిచ్చి. 1864లో ఆ ఊరివాళ్లు తమ గ్రంథాలయానికి పుస్తకాలివ్వమని ఆయన్ని అడిగారు. 'అచ్చయినవన్నీ ఇస్తాను. బదులుగా నేను బతికున్నంత కాలం ఏటా పన్నెండు కర్బూజాలు పంపండి' అన్న అర్థం వచ్చేలా జవాబిచ్చాడాయన. ఊరు సరేనంది. 1870లో ఆయన పోయేదాకా మాట నిలబెట్టుకుంది. ఇంత తియ్యటి రాయల్టీ ఇంకే రచయితకూ ముట్టి ఉండదు!

డ్యూమాకు కావాల్సింది ఏదో ఒక కర్బూజా కాదు, కవయోన్‌ కర్బూజా. ఫ్రెంచివాళ్ల సంతల మోజంతా ఆ తేడాలోనే ఉంది. వెన్నయినా, కోడయినా, పిడికెడు పప్పయినా... ఏ ఊరిది, ఎవరు చేశారు, ఎప్పటికి బాగుంటుంది? ఈ మూడిటికీ జవాబు చెప్పగలిగినవాడి దగ్గర కొనాలన్నది వాళ్ల పట్టుదల. ఆ జవాబు చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారన్నది వాళ్ల బెంగ.

పెద్ద బజారూ వాళ్లదే

ఫ్రాన్స్‌ అంటే ఎప్పుడూ తట్టలూ బుట్టలేననుకుంటే పొరపాటు. తిండి సరుకులూ ఇంటి సామానూ ఒకే కప్పు కింద అమ్మే భారీ దుకాణాలకు తొలిరోజుల్లోనే తలుపులు తెరిచిన దేశమది. కారెఫోర్‌ సంస్థ 1963లో పారిస్‌కి దక్షిణాన ఓ ఊళ్లో 2,500 చదరపు మీటర్ల దుకాణం తెరిచింది. జనం కార్లేసుకుని వచ్చి తోపుడు బండ్ల నిండా సామాను నింపుకెళ్లారు. ఆ తర్వాత దాదాపు ప్రతి పట్టణం శివార్లలోనూ అలాంటిదొకటి వెలిసింది.

ఆ దశాబ్దంలోనే పారిస్‌ నడిబొడ్డున ఉన్న లే ఆల్‌ టోకు మార్కెట్‌కీ కాలం చెల్లింది. ఎమిలీ జోలా 1873లో నవల రాసి 'పారిస్‌ పొట్ట' అని పేరు పెట్టింది దానికే. 1969లో ఆ మార్కెట్‌ని ఊరి బయటున్న రంజిస్‌కి తరలించారు. ఇనుమూ అద్దాలతో కట్టిన పాత మండపాలను 1971 నుంచి కూల్చేశారు. ఒక్కటి మాత్రం వేరే ఊరికి తరలిపోయి బతికి బట్టకట్టింది. పారిస్‌ వాళ్లలో పెద్ద వయసువాళ్లకు ఆ కూల్చివేత మీద ఇప్పటికీ కోపమే.

అంత పెద్ద దుకాణాలొచ్చాక వీధి సంతలకు నూకలు చెల్లాల్సింది. చెల్లలేదు. ఒక్క పారిస్‌ నగరంలోనే వారానికి రెండు మూడు రోజుల చొప్పున ఆరుబయట నడిచే సంతలు డెబ్బై దాకా ఉన్నాయి. పల్లెల సంగతి సరేసరి... సోమవారం ఒక ఊరు, మంగళవారం పక్క ఊరు. మన అంగళ్ల వరస అంతే కదా.

ఆశీలు కట్టాకే...

సంత తెల్లవారుజామునే మొదలవుతుంది. మునిసిపాలిటీ తరఫున ఓ ఉద్యోగి చేతిలో చిట్టా పట్టుకుని చౌక్‌లో తిరుగుతుంటాడు. ఆయన పని మనవాళ్లకు కొత్తది కాదు, ఆశీలు వసూలు. ఎన్ని మీటర్ల బల్ల వేశారో కొలిచి అంత రుసుము తీసుకుంటాడు. ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లకు చెట్టు కిందో, చర్చి మెట్ల పక్కనో ఎవరి చోటు వాళ్లకుంటుంది. ఆరోజు ఎవరైనా రాకపోతే ఆ చోటు కోసం కొత్తవాళ్లు కాచుకుని ఉంటారు. కొన్ని ఊళ్లలో చీటీలు తీసి మరీ ఇస్తారు. వేసవిలో గిరాకీ ఉన్న రోజుల్లో చీటీ తగలక వెనుదిరిగే వ్యాన్లూ ఉంటాయి.

ఎనిమిదయ్యేసరికి చక్రాల సంచి లాక్కుంటూ పెద్దవాళ్లు వచ్చేస్తారు. వెదురులాంటి సన్న బద్దల బుట్ట పట్టుకునేవాళ్లు వాళ్లకన్నా పాతకాలం వాళ్లయినా అయ్యుండాలి, పర్యాటకులైనా అయ్యుండాలి! ఉల్లిపాయల వాసన, వేపుతున్న కోడి వాసన, చేపల మీద పోసిన మంచు, పువ్వులు... పదకొండింటికల్లా చౌక్‌ కిక్కిరిసిపోతుంది. ఒంటిగంటకి బల్లలు మడిచేస్తారు. రెండింటికి నీళ్ల బండి వచ్చి రాళ్ల బాట కడిగేస్తుంటే పొద్దున్న అక్కడ సంత జరిగిందంటే నమ్మలేం.

మనవాళ్లకు ఇబ్బంది అనిపించేది ఒకటుంది. బెండకాయ కొస విరిచి చూడందే కొనని చేతులు కదా మనవి. అక్కడ చాలా బల్లల దగ్గర కొనేవాళ్లు కాయని ముట్టుకోకూడదు. పీచ్‌ పండుని నొక్కి చూస్తే అమ్మే ఆవిడ కళ్లెర్రజేస్తుంది. ముందు 'బోన్‌జూర్‌' అనాలి. ఆ పలకరింపు లేకుండా 'కిలో ఎంత?' అన్నవాళ్లని మర్యాద తెలియనివాళ్ల కిందే జమకడతారు. తర్వాత మన వంతు వచ్చేదాకా ఆగాలి. బేరం అసలే కుదరదు. మరి కొసరు? నాలుగు కొమ్మలు పార్స్‌లీ ఆకు అడక్కుండానే సంచిలో పడేస్తారు, మన కరివేపాకులాగా.

అన్నీ వాళ్లే ఏరిస్తారు కాబట్టి నమ్మకం కావాలి. పోయినవారం ఇచ్చిన కాయ చప్పగా ఉంటే ఈ వారం ఆ మాట మొహం మీదే అనొచ్చు. మనిషి అక్కడే ఉంటాడుగా! చీజ్‌ బల్ల దగ్గరా ఇదే తంతు. ఇవాళ రాత్రికా, ఎల్లుండికా అని అడిగి, బొటనవేలితో పైపొర నొక్కి చూసి మరీ ఇస్తారు. మనకు అరటిపండు ఎలాగో వాళ్లకు చీజ్‌ అలాగ... రోజురోజుకీ పండుతుంది.

పలక మీద ఏం రాశారు?

పొద్దున్నే రంగురంగుల బల్లల్ని చూస్తే అన్నీ పక్క పొలంలోంచే వచ్చాయనిపిస్తుంది. నిజం వేరు. చాలామంది రంజిస్‌ లాంటి టోకు మార్కెట్‌లో కొనుక్కొచ్చి అమ్మేవాళ్లే. స్పెయిన్‌ టమాటా, మొరాకో బీన్సూ ఆ బుట్టల్లోనే ఉంటాయి. అందులో మోసమేం లేదు... పలక మీద రాసినంత వరకూ. తాజా పళ్లూ కూరగాయలూ ఏ దేశానివో రాసి పెట్టాలని చట్టం ఉంది. తెలిసినవాళ్లు ధర కన్నా ముందు ఆ చిన్న అక్షరాలే చూస్తారు. 'ఉత్పత్తిదారు' అని అర్థమిచ్చే మాట ఉన్న బల్ల కోసం వెతుకుతారు.

అలాంటి బల్లని గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. దాని మీద ఇరవై రకాలుండవు. ఏప్రిల్‌లో తెల్లటి ఆస్పరాగస్‌ కాడలు, స్ట్రాబెర్రీలు. జూన్‌లో చెర్రీలు. ఎండాకాలమంతా టమాటాలూ కర్బూజాలూ. చలికాలంలో గుమ్మడి, లీక్స్‌, దుంపలు... అంతే. డిసెంబరులో టమాటా అడిగితే లేదంటాడు. అడిగినవాళ్ల వంక వింతగా చూస్తాడు కూడా. రైతులు తప్ప మారుబేరగాళ్లు బల్ల వేయకూడదని కట్టడి చేసుకున్న సంతలూ ఉన్నాయి. ప్రొవాన్స్‌లోని వెలెరోన్‌లో వేసవిలో అలాంటి సంత సాయంత్రం ఆరింటికి మొదలవుతుంది. పగలు కోసిన కాయ రాత్రి భోజనానికి అందాలని! మన రైతు బజార్లు 1999లో మొదలైనప్పుడు రైతులకు గుర్తింపు కార్డులిచ్చిందీ ఇలాంటి కట్టడి కోసమే. ఆ కార్డు ఎవరి చేతిలో ఉందన్నది అక్కడైనా ఇక్కడైనా కొనేవాళ్లు గమనించుకోవాల్సిన విషయమే.

కాలికి చిరునామా

ఊరి పేరుకి చట్టం కాపలా కాయడం ఫ్రాన్స్‌లో చాలా పాత అలవాటు. గుహల్లో మాగబెట్టే రోక్‌ఫోర్‌ చీజ్‌ మీద ఆ ఊరివాళ్లకే హక్కు అని 1411లోనే ఆరో చార్లెస్‌ రాజు ఫర్మానా ఇచ్చాడు. 1925లో దానికి ప్రత్యేకంగా చట్టం చేశారు. ద్రాక్ష సారాయిలకు 1935లో, మిగతా పంటలూ తిండి పదార్థాలన్నిటికీ 1990లో ఆ పద్ధతిని విస్తరించారు. ఫలానా నేల, ఫలానా పద్ధతి, అప్పుడే ఆ పేరు... టూకీగా ఇదీ సంగతి. మధ్య ఫ్రాన్స్‌ కొండల మీద పండే లె పుయ్‌ ఆకుపచ్చ మసూర్‌ గింజలకు 1996లో ఆ గుర్తింపు దక్కింది. గుప్పెడు పప్పుకి అంత హంగామానా అనిపిస్తుంది కానీ, మన తాండూరు కందికీ 2022లో అలాంటి గుర్తింపే వచ్చిందిగా.

అన్నిట్లోకీ దర్జా మాత్రం బ్రెస్‌ కోడిది. లియోన్‌ నగరానికి ఈశాన్యంగా ఉన్న బ్రెస్‌ ప్రాంతపు నాటుకోడి అది. తెల్లటి ఈకలు, ఎర్రటి జుట్టు, నీలం రంగు కాళ్లు. ఫ్రాన్స్‌ జెండా రంగులన్నీ ఒంటి మీదే! 1957లోనే దాని పేరుకి చట్టం రక్షణ కల్పించింది. ఒక్కో కోడికి కనీసం పది చదరపు మీటర్ల పచ్చిక ఉండాలి. మొక్కజొన్న, గోధుమ, పాల సరుకు మేత. మిగతాది అదే ఏరుకుతింటుంది, పురుగూ పుట్రా. ఫారం కోడి నలభై రోజుల్లోపే కూరకొస్తే దీనికి సుమారు నాలుగు నెలలు పడుతుంది. ఆఖరి రోజుల్లో మాత్రం చెక్క గూళ్లలో పెట్టి మేపుతారు. అది నచ్చనివాళ్లు ఫ్రాన్స్‌లోనూ ఉన్నారు.

డిసెంబరులో క్రిస్మస్‌కి ముందు అక్కడి పట్టణాల్లో కోళ్ల పోటీలు జరుగుతాయి. 1862 నుంచీ ఉన్న ఆచారం. గెలిచిన కోడి పెంచినవాడికి ఊళ్లో పెళ్లికొడుకు మర్యాద. మామూలు రోజుల్లో చూడాలంటే లువాన్‌ అనే ఊళ్లో సోమవారం సంతకెళ్లాలి. కమానుల వరండాలతో ఉన్న పాత వీధి దాటితే గంపల్లో, బుట్టల్లో కోళ్లూ బాతులూ కుందేళ్లూ. అరుపులకు పక్కవాళ్ల మాట వినపడదు.

ఈ కోడిని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ముందు చూసేది కాలిని. అక్కడో చిన్న కడియం ఉంటుంది. దాని మీద పెంచిన రైతు వివరాలు. కూర బాగాలేకపోతే ఎవరింటి తలుపు తట్టాలో కోడి కాలికే రాసి ఉందన్నమాట!

ఒక్క విభక్తి కోసం పధ్నాలుగేళ్లు

కోడి అదృష్టం కామంబేర్‌ చీజ్‌కి లేకపోయింది. వాయవ్యాన నార్మండీలో కామంబేర్‌ ఓ చిన్న పల్లె. ఫ్రెంచి విప్లవం రోజుల్లో, 1791లో, మారీ అరెల్‌ అనే రైతు ఇల్లాలు తన ఇంట్లో తలదాచుకున్న మతగురువు చెప్పిన కిటుకుతో దీన్ని మొదట చేసిందని కథ. కథ సంగతెలా ఉన్నా, రైళ్లొచ్చాక చీజ్‌ పారిస్‌ చేరింది. 1890 ప్రాంతంలో పల్చటి చెక్క డబ్బా దొరికాక సముద్రాలు దాటింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల రేషన్‌లోకీ వెళ్లింది. అంత పేరొచ్చాక అందరూ చేయడం మొదలెట్టారు. తమ పేరు తమకే ఉండాలని నార్మండీవాళ్లు కోర్టుకెళ్తే, 1926లో తీర్పు ఎదురుతిరిగింది. కామంబేర్‌ అన్నది ఇప్పుడొక రకం చీజ్‌ పేరు, ఎవరైనా పెట్టుకోవచ్చు అని!

1983లో ఎట్టకేలకు 'నార్మండీ కామంబేర్‌' అన్న పూర్తి పేరుకి రక్షణ వచ్చింది. నియమాలు గట్టివే. కాచని పచ్చిపాలు వాడాలి. పెరుగులా తోడుకున్న ఆ పాలను గరిటెతో అచ్చుల్లో ఒక్కసారిగా పోయకూడదు. కనీసం ఐదు విడతలు, మధ్యలో నలభై నిమిషాలన్నా ఆగాలి. పశువుల్లో కనీసం సగం నార్మండీ జాతి ఆవులుండాలన్న షరతు తర్వాత చేరింది.

2007లో పెద్ద పాల కంపెనీలు రెండు అడ్డం తిరిగాయి. పచ్చిపాలలో సూక్ష్మక్రిములుండొచ్చు, వేడిచేసిన పాలతో చేసినా ఆ పేరు వాడుకోనివ్వాలి అన్నాయి. ఆ భయం ఉత్తదేం కాదు. పచ్చిపాల చీజ్‌ గర్భిణులకూ పసిపిల్లలకూ వద్దని వైద్యులే చెబుతారు. అయినా మిగతా తయారీదార్లు ఒప్పుకోలేదు. మరుసటేడాది పచ్చిపాలే ఖాయమయ్యాయి. కంపెనీలు ఊరుకున్నాయా? పాలు వేడిచేసి, యంత్రాలతో చేసి, డబ్బా మీద 'నార్మండీలో తయారైన కామంబేర్‌' అని వేసుకున్నాయి. ఒకటి 'నార్మండీ కామంబేర్‌', ఇంకోటి 'నార్మండీలో తయారైన కామంబేర్‌'. సూపర్‌మార్కెట్‌ అరలో నిలబడి తేడా కనిపెట్టేంత ఓపిక ఎందరికుంటుంది? రెండో రకం అమ్మకాల ముందు మొదటిది వెలవెలబోయింది.

విసిగిపోయి 2018లో రాజీకొచ్చారు. వేడిచేసిన పాలనూ పేరులోకి రానిద్దాం, పచ్చిపాలదానికి 'అసలైనది' అని ఇంకో మాట తగిలిద్దాం అన్నారు. పేరున్న వంటగాళ్లూ చీజ్‌ చేసేవాళ్లూ గగ్గోలు పెట్టారు. 2020లో తయారీదార్లే ఓటేసి రాజీని తోసిపుచ్చారు. ఇక మిగిలింది ఉన్న చట్టాన్ని అమలు చేయడమే. రక్షణ గుర్తింపు లేని డబ్బాల మీద 'నార్మండీలో తయారైన' అని రాయడానికి 2021 జనవరి 1 నుంచి వీల్లేదని అధికారులు చెప్పేశారు. కంపెనీల వాదన ఏదైనా, పద్నాలుగేళ్లు కొనేవాళ్ల కళ్లు కప్పింది ఆ 'లో' అన్న ఒక్క విభక్తే.

సంతలో గరిటెతో పోసే మనిషి ఎదురుగా ఉంటే ఈ వ్యాకరణమంతా అక్కర్లేదు.

ఊరొకటి, ఆవాలొకటి

పేరు చూసి మోసపోవడానికి ఇంకా మంచి ఉదాహరణ డిజోన్‌ ఆవపిండి. మన ఆవకాయలో వేసేలాంటి ఆవపిండినే పుల్లటి రసంతో నూరి ముద్దగా సీసాల్లో అమ్ముతారు. ఫ్రెంచివాళ్ల బల్ల మీద అది లేని పూటుండదు. బుర్గుండీ ప్రాంతపు డిజోన్‌ నగరం పేరు దాని మీద ఉంటుంది కానీ, ఆ పేరు తయారీ పద్ధతిదే. ఎక్కడ చేసినా డిజోన్‌ ఆవపిండే! ఆవాలేమో చాలావరకు కెనడా నుంచి వస్తాయి. ఈ సంగతి మామూలు జనానికి తెలిసొచ్చింది 2022లో. అంతకుముందు ఏడాది కెనడాలో ఎండలకు పంట మాడిపోయింది. దాంతో ఫ్రాన్స్‌లో దుకాణాల అరలు ఖాళీ. మనిషికి ఒక్క సీసానే అని బోర్డులు పెట్టారు. డిజోన్‌ వీధుల్లో నడిచే మనిషికి డిజోన్‌ ఆవపిండి దొరకని రోజులవి.

ఆ ప్రాంతంలోనే పండిన ఆవాలు, అక్కడి తెల్ల ద్రాక్ష సారాయితోనే నూరిన ఆవపిండి వేరే ఉంది. దాని పేరు 'బుర్గుండీ ఆవపిండి'. 2009లో యూరప్‌ గుర్తింపు పొందింది. కొరత తర్వాత అక్కడి రైతులు ఆవాల సాగు పెంచారు.

ప్రొవాన్స్‌ సంతల్లో పర్యాటకులు ఎగబడి కొనే మూలికల పొట్లాలదీ ఇదే కథ. పువ్వుల గుడ్డలో కట్టి, 'ప్రొవాన్స్‌ మూలికలు' అని రాసి ఉంటుంది. ఆ పేరుకి రక్షణ లేదు. లోపలున్న ఆకు ఎక్కడెక్కడి నుంచో రావచ్చు. అయితే 2003లో 'లాబెల్‌ రూజ్‌' అనే నాణ్యతా ముద్ర పెట్టారు. రోజ్‌మేరీ, సేవరీ, ఓరెగానో 26 శాతం చొప్పున, థైమ్‌ 19 శాతం, బేసిల్‌ 3 శాతం. అదీ లెక్క. ముద్ర లేని పొట్లంలో ఏముందో వాసన చూసే తెలుసుకోవాలి.

సంచి బరువు, జేబు బరువు

ఇదంతా చదివి ఫ్రెంచివాళ్లందరూ వారం వారం బ్రెస్‌ కోడే వండుకుంటారనుకోవద్దు. దాని ధర ఫారం కోడికి కొన్ని రెట్లు. నెల జీతంతో ఇద్దరు పిల్లల్ని పెంచుకునే కుటుంబం పండగకో పబ్బానికో తప్ప దాని జోలికెళ్లదు. మిగతా సరుకంతా శివార్లలోని పెద్ద దుకాణంలోనే కొంటారు. సంతలో కూరగాయలు కాలం వచ్చినప్పుడు చవగ్గానే ఉంటాయి కానీ, కాలం కానప్పుడు ఆ మాటే చెప్పలేం.

ఒంటిగంటకి బల్లలు ఎత్తేసే వేళ ఇంకో రకం కొనుగోలుదార్లు వస్తారు. నిజానికి వాళ్లు కొనరు. మిగిలిపోయిన, నలిగిపోయిన కాయగూరల్లోంచి పనికొచ్చేవి ఏరుకుంటారు. సినీ దర్శకురాలు ఆన్యెస్‌ వార్దా 2000లో ఇలా ఏరుకునేవాళ్ల మీదే ఓ డాక్యుమెంటరీ తీశారు. కొందరు అమ్మకందార్లు మంచివి చూసి ఓ పక్కన విడిగా పెట్టి వెళ్తారు. సంతల అందం గురించి ఫొటోలేసే పుస్తకాల్లో ఈ వేళ కనపడదు.

ఇటు అమ్మేవాళ్ల పరిస్థితీ అంతంతే. 2020 వ్యవసాయ గణన ప్రకారం ఫ్రాన్స్‌లో పొలాల సంఖ్య 3 లక్షల 90 వేలకు పడిపోయింది. పదేళ్లలో సుమారు లక్ష కమతాలు మాయం. ఉన్నవాళ్లలో దాదాపు నాలుగో వంతు మంది నేరుగానో, ఒక్క మధ్యవర్తి ద్వారానో అమ్ముకుంటున్నారు. సంత వాళ్లకెంత ముఖ్యమో 2020 మార్చి 23న తెలిసింది. కరోనా కట్టడిలో భాగంగా ఆరుబయట సంతలన్నీ మూసేయాలని ప్రభుత్వం ప్రకటించిన రోజది. సూపర్‌మార్కెట్లకు మాత్రం అనుమతి ఉంది! ఆస్పరాగస్‌ కోతకొచ్చింది. స్ట్రాబెర్రీ పండుతోంది. మేక పాలు ఆగవు, చీజ్‌ ఆగదు. ఊళ్ల మేయర్లు జిల్లా అధికారులకు అర్జీలు పెట్టుకున్నారు. సంత తప్ప వేరే దారిలేని ఊళ్లు చాలావాటికి మినహాయింపు దొరికింది. బల్లల మధ్య దూరం పాటిస్తూ, తాళ్లు కట్టి, వరసలు పెట్టి నడిపించుకున్నారు. కాయను ముట్టుకోకూడదన్న పాత నియమం అప్పుడు భలే కలిసొచ్చింది.

మన మిరప, మన కాఫీ

ఇంతా చేసి ఫ్రెంచివాళ్లు కారం తింటారా అంటే... తింటారు, తమాషాగా. స్పెయిన్‌ సరిహద్దు దగ్గర బాస్క్‌ ప్రాంతంలో ఎస్పెలెట్‌ అనే పల్లె ఉంది. కోతల కాలంలో ఇళ్ల గోడలన్నీ ఎర్ర మిరప దండలతో నిండిపోతాయి. 2000లో ఆ మిరపకు పేరు రక్షణ వచ్చింది. చుట్టూ ఉన్న పది ఊళ్లలో పండినదానికే ఆ పేరు. అక్టోబరు చివర్లో మిరప పండగ చేస్తారు. బుల్లి సీసాల్లో పొడి పోసి, రైతు పేరు రాసి, మన లెక్కలో కళ్లు తిరిగే ధరకు అమ్ముతారు. గుంటూరు మిర్చియార్డు గేటు దాటినవాళ్లకు ఆ కారం నాలుక్కి ఆనదు. అక్కడివాళ్లు దాన్ని మిరియాల బదులు వాడతారు.

పారిస్‌లో బ్రెతాన్‌ వీధిలో ఓ పాత సంత ఉంది. పేరు 'ఆన్‌ఫాన్‌ రూజ్‌', అంటే ఎర్ర పిల్లలు. ఒకప్పుడు అక్కడున్న అనాథాశ్రమంలో పిల్లలు ఎర్ర దుస్తులు వేసుకునేవారట. 17వ శతాబ్దం నాటి ఆ సంత నగరంలోని కప్పున్న సంతలన్నిట్లోకీ పాతదని చెబుతారు. కూరగాయలూ చీజ్‌లూ చేపలే కాదు, కూర్చుని తినే చిన్న చిన్న హోటళ్లూ ఉన్నాయందులో. ఏ బల్లమీదిది ఏ ఊరిదని అడిగి కొనే అలవాటున్న జనం తిరిగే వీధి అది.

2017లో అదే వీధిలో ఓ కాఫీ దుకాణం తెరిచారు. అక్కడ పెట్టిన గింజలు తూర్పు కనుమల్లో గిరిజన రైతులు నీడ చెట్ల కింద పండించినవి. ఆ రైతుల లోయ కాఫీకి మన దేశంలో భౌగోళిక గుర్తింపు రావడానికి ఇంకా రెండేళ్లు పట్టింది, 2019లో వచ్చింది. దుకాణం మీద ఫ్రెంచి పేరేమీ పెట్టలేదు. పొట్లం మీదా పెట్టలేదు. రెండిటి మీదా ఊరి పేరే... అరకు.